పూరీలో ఉప్మా, పైన ఘుగుని: బరంపురంలో పిన్ని బండి

ఒడిశాలోని బరంపురం పాత బస్టాండు దగ్గర, లోపలి వీధుల్లోకి పోయే ఒక సందు మొదట్లో, వేపచెట్టు కింద నీలం రంగు టిఫిన్ బండి ఒకటి ఉంటుంది. బోర్డు లేదు. తెలుగువాళ్లం పిన్ని బండి అంటాం, ఒడియావాళ్లు మౌసీ దొకాన అంటారు, వరస మాత్రం ఒకటే. పొద్దున్న ఆరుంపావుకి మొదటి వాయి పూరీ నూనెలో పడుతుంది, తొమ్మిదిన్నరకల్లా గిన్నెలు కడగడం మొదలుపెట్టేస్తారు. పదకొండేళ్లుగా అక్కడ తింటున్నాను. ఇన్నాళ్లూ రాయాలనిపించలేదు, ఎందుకంటే అక్కడ ఉన్నవే రెండు స్టూళ్లు. కానీ పోయిన నెల ఒక పెద్ద హోటల్లో పూరీ ఉప్మా పేరుతో నా ముందు పెట్టింది చూశాక, అసలుది ఎలా ఉంటుందో ఎవరో ఒకరు రాసి పెట్టాలి అనిపించింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, బరంపురంలో పూరీ ఉప్మా అంటే పూరీ ఒక ప్లేటు, ఉప్మా ఒక ప్లేటు కాదు. రెండూ కలిపి ఒకే టిఫిను. ఆకు దొప్పలో చిన్న చిన్న పూరీలు నాలుగు, వాటిలో గరిటెడు ఉప్మా, పైన ఘుగుని. ఘుగుని అంటే మన గుగ్గిళ్లు అనుకుని పొడిపొడిగా వస్తుందని చూసేవాళ్లుంటారు, అది కాదు. ఎండు తెల్ల బఠాణీ రాత్రంతా నానబెట్టి, బంగాళదుంప ముక్కలు, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మసాలా వేసి చిక్కటి పులుసులా ఉడికించే కూర. ఒడిశాలో దీన్ని వడతో తింటారు, మురీలతో, అంటే మరమరాలతో తింటారు, ఇడ్లీ మీద కూడా పోసుకుంటారు. సాంబారు వెతుక్కునేవాళ్లకి మొదటిరోజు కొంచెం కష్టంగానే ఉంటుంది.

మా ఆవిడది రాజమండ్రి. పెళ్లయిన కొత్తలో ఈ బండి దగ్గరికి తీసుకొస్తే దొప్ప చేతిలో పెట్టుకుని, "పూరీకి కూర ఉంటుంది గానీ ఉప్మా ఏంటండీ, అన్నంలో చపాతీ కలుపుకున్నట్టు" అంది. నేనేమీ అనలేదు, పిన్నే అంది: "పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటారు కదమ్మా మీ వేపు, అదేటి మరి?" మా ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు. నిజంగా ఆలోచిస్తే పిండి పదార్థంలో పిండి పదార్థం చుట్టుకుని తినడం అంటే అక్కడా అదే, ఇక్కడా అదే. మనం పుట్టిన ఊళ్లో ఉన్నది మామూలుగా కనిపిస్తుంది, ఇచ్ఛాపురం దాటితే ఎదురయ్యేది వింతగా కనిపిస్తుంది. ఇచ్ఛాపురం ఇక్కడికి ఎంతో దూరం కూడా లేదు, పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో.

అసలు ఈ గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇడ్లీ, వడ, ఉప్మా మాకు తాతల నాటి టిఫిన్లు, ఘుగుని పక్కింటివాళ్ల వంట. పక్కింటి గిన్నె మనింటికి, మనింటి గిన్నె పక్కింటికి ఎన్ని తరాలు తిరిగితే ఇలాంటి ప్లేటు తయారవుతుందో ఊహించుకోవచ్చు. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్ ఉద్యోగం నాది, ఛత్రపురం నుంచి పర్లాకిమిడి దాకా తిరుగుతాను. పర్లాకిమిడిలో డాక్టర్ల పని ముగించుకుని మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం వెళ్తే అక్కడ నాకు ఉప్మా పల్లీ చట్నీతో వస్తుంది. ఏటికి ఇవతల అదే ఉప్మా మీద ఘుగుని పడుతుంది. రెండూ తింటాను. కానీ ఒంట్లో బాగోలేనప్పుడు, మనసు బాగోలేనప్పుడు నాలుక అడిగేది మాత్రం ఘుగునినే.

ఇప్పుడు పిన్ని చేతి పని గురించి.

బఠాణీ బాగా ఉడికిందా లేదా అని ఆవిడ గరిటెతో చూడదు. ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతుంది. గింజ వెన్నలా నలగాలి, కానీ పొట్టు ఊడి పులుసులో తేలకూడదు. పొట్టు తేలిందంటే మంట ఎక్కువైందని లెక్క. అలా ఉడికిన బఠాణీలో ఓ గుప్పెడు తీసి మెదిపి మళ్లీ అందులోనే వేస్తుంది, చిక్కదనం దాంతోనే వస్తుంది, శనగపిండి కలపదు. సన్నగా తరిగిన కొబ్బరి పలుకులు పడతాయి, నమిలేటప్పుడు పంటికి తగులుతూ ఉంటాయి. కారం మధ్యస్థం. దించేముందు గరం మసాలా కొద్దిగా, వడ్డించేటప్పుడు పైన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర.

ఉప్మా విడిగా తింటే గొప్పగా ఏమీ ఉండదు, ఉన్నమాట చెప్పాలి. బొంబాయి రవ్వ, ఆవాలు, శనగపప్పు, అల్లం, కరివేపాకు, అక్కడక్కడా వేరుశనగ గుళ్లు. ఉప్పు ఒక పిసరు తక్కువే వేస్తుంది, ఎందుకని ఒకసారి అడిగితే, "కూరలో ఉంది కదా నాయనా, రెండిట్లోనూ ఏస్తే నోరు కొట్టుకుపోదా" అంది. ఆ లెక్క అర్థమయ్యాకే ఈ జోడీ ఎందుకు కుదిరిందో నాకు తెలిసింది. ఉప్మా చప్పగా, మెత్తగా ఉండాలి. ఘుగుని కారంగా, జారుగా ఉండాలి. పూరీ కరకరలాడాలి. మూడూ మూడు పనులు చేస్తాయి, ఏ ఒక్కటి రెండోదాని పని చేయబోయినా రుచి పోతుంది.

పూరీ అరచేయంత కూడా ఉండదు. నూనెలోంచి తీయగానే పొంగిన బుగ్గ మీద ఆవిడ బొటనవేలితో టక్కున ఒక పోటు పెడుతుంది, లోపలి ఆవిరి బుస్సుమని బయటికొస్తుంది, ఆ చిల్లులోకి ఉప్మా పోతుంది. వేలు కాలదా అని అడగాలనిపిస్తుంది. ఆ వేలి కొన తెల్లగా, గట్టిగా చెక్కలా అయిపోయి ఉంటుంది, దాన్ని చూశాక అడగబుద్ధి కాదు. అలా నింపిన పూరీని దొప్పలో పెట్టి ఘుగుని పోస్తే, పైన సగం నాని, కింద సగం ఇంకా గట్టిగానే ఉండే ఒక రెండు మూడు నిమిషాలు ఉంటాయి. ఆ రెండు మూడు నిమిషాల్లోనే తినాలి. ఫోటో తీసుకుని, ఫోన్ మాట్లాడుకుని ఆ తర్వాత తింటే మీరు తినేది ఇంకేదో.

నాలుగు పూరీల ప్లేటు 30 రూపాయలు. ఘుగుని రెండోసారి అడిగితే పోస్తారు, మూడోసారి అడిగితే 5 రూపాయలు తీసుకుంటారు, అది న్యాయమే.

ఈ బండి నాకు ఇంత ఇష్టం కావడానికి రుచి ఒక్కటే కారణం కాదు. పిన్ని ఎవరినీ "అలా తింటారేంటి" అనదు. అక్కడ అరగంట నిలబడి చూస్తే మనుషులకి ఎన్నెన్ని రకాల కలుపుళ్లు ఇష్టమో తెలుస్తుంది. బ్యాంకులో పనిచేసే ఒకాయన ఉప్మా మీద రెండు చెంచాల పంచదార చల్లించుకుని, పక్కన మాత్రం కారం ఘుగుని పెట్టించుకుంటాడు, ఒక ముద్ద అదీ, ఒక ముద్ద ఇదీ. కాలేజీ కుర్రాళ్లు వడ చిదిపి మురీల్లో వేయించుకుని దాని మీద ఘుగుని పోయించుకుని, పైన నిమ్మరసం పిండించుకుంటారు. మురీలు మెత్తబడకముందే ముగ్గురు కలిసి ఒకే దొప్పలో గబగబా తినేస్తారు. ఒక పెద్దావిడ రోజూ రెండు ఇడ్లీలు తీసుకుని, కొంగులో కట్టుకొచ్చిన బెల్లం ముక్క నంజుకుని తింటుంది, చట్నీ ముట్టదు. ఇంకొకాయన ఇంటి నుంచి చిన్న సీసాలో పెరుగు తెచ్చుకుని ఉప్మాలో కలుపుకుంటాడు. నాది పూరీ ఉప్మా మీద ఆవకాయ నూనె, ముక్క వద్దు, ఊరిన నూనె మాత్రం ఒక చెంచా. ఇది మా నాయనమ్మ అలవాటు. బరంపురం అంటే పచ్చళ్లకీ అప్పడాలకీ పేరున్న ఊరు కదా, ఏ ఇంట్లోనైనా జాడీ ఉంటుంది. నా కోసమని పిన్ని బండి కింద ఒక చిన్న గాజు సీసా పెట్టింది. ఇప్పుడు నాలాంటివాళ్లు ఇంకో నలుగురు తయారయ్యారు.

హోటళ్లలో మెనూ కార్డు ఉంటుంది, ఏది దేంతో తినాలో వాళ్లే రాసేస్తారు. ఇక్కడ పిన్ని అడిగే మొదటి మాట "ఎలాగ కావాలి?" ఏం కావాలి అని కాదు.

రెండేళ్ల క్రితం మా నాన్నకి ఆపరేషన్ అయింది. ఏ ఆస్పత్రో చెప్పను, డాక్టర్లు బాగానే చూశారు, కానీ అక్కడ క్యాంటీన్‌లో దొరికేది నోట్లో పెట్టుకోలేం, రాత్రి పదింటికి అడిగితే ఉదయం మిగిలిన బ్రెడ్డు ఇచ్చారు. మూడు రాత్రులు వరండాలో కూర్చున్నాను. నాలుగో రోజు పొద్దున్న, నాన్నని వార్డులోకి మార్చారని తెలిశాక, కాళ్లు తిన్నగా బండి దగ్గరికి తీసుకొచ్చాయి. మనిషిని చూడగానే ఏదో అయిందని తెలుస్తుంది కదా, అయినా ఆవిడ ఏమీ అడగలేదు. నేను ఎప్పటిలాగే పూరీ అన్నాను. ఆవిడ పూరీ పెట్టలేదు. దొప్పలో ఉప్మా వేసి, ఘుగుని గింజలు కాకుండా పైన తేరిన పులుసు మాత్రం రెండు గరిటెలు పోసి ఇచ్చింది. "ముందు ఇది దిగనీ నాయనా, పూరీ తరవాత" అంది. మూడు రోజులు సరిగా తినని గొంతులోకి నూనె పూరీ దిగదని ఆవిడకి తెలుసు. ఆ జారు ఉప్మా వేడివేడిగా లోపలికి వెళ్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తిన్నాను, రెండోసారి కూడా వేయించుకున్నాను. డబ్బులిస్తే తీసుకుంది, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. అమ్మకి పట్టుకెళ్లమని డబ్బాలో కూడా అలాగే, పులుసు ఎక్కువగా పోసి కట్టింది. అప్పటి నుంచి ఒంట్లో నలతగా ఉంటే నేను అడిగేది అదే, పూరీ లేని ఉప్మా, పైన పులుసు. "ఆ రోజుది" అంటే చాలు, ఆవిడకి అర్థమవుతుంది.

ఆ పెద్ద హోటల్ సంగతికొస్తాను. పేరు అక్కర్లేదు. కంపెనీ మీటింగ్ అక్కడ పెట్టారు, పొద్దున్న టిఫిన్‌లో స్థానిక వంటకం అని పూరీ ఉప్మా పెట్టారు, చూడగానే సంతోషం వేసింది. మా బండి మీది తిండి తెల్ల పింగాణీ ప్లేటులోకి వచ్చిందంటే గర్వమే కదా. కానీ పూరీ ఒక పక్క చల్లగా, ఉప్మా గిన్నెతో అచ్చు పోసి గోపురంలా ఇంకో పక్క, ఘుగుని చిన్న కప్పులో. చెంచాతో తీస్తే లోపల ఆకుపచ్చ బఠాణీ. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన పచ్చి బఠాణీ! అది బఠాణీ కూర అవుతుంది గానీ ఘుగుని ఎలా అవుతుంది? పచ్చి బఠాణీకి తీపి ఉంటుంది, ఎంత ఉడికించినా ఎండు బఠాణీలా మెదిగి పులుసుని పట్టుకోదు, నీళ్లు నీళ్లే, గింజ గింజే. ఉప్మాలో జీడిపప్పు, నెయ్యి, ఉప్పు కూడా నిండుగా ఉంది. దేనికది బాగానే వండారు, కలిపి తింటే ఒకదానితో ఒకటి పొసగదు. మా పక్కన కూర్చున్న హైదరాబాద్ మేనేజర్ గారు రెండు ముద్దలు తిని, "ఓహో, ఇదేనా మీ ఊరి స్పెషల్" అని పక్కన పెట్టేశారు. నాకు నిజంగా బాధ వేసింది. మర్నాడు పొద్దున్న ఆయన్ని రైలెక్కించే ముందు బండి దగ్గరికి తీసుకెళ్లాను. రెండు ప్లేట్లు తిన్నారు, రైలుకి ఐదు నిమిషాలే ఉందంటే కూడా టీ తాగి వస్తానన్నారు.

టీ గురించి మాత్రం నేను మెచ్చుకోలేను. బాబాయి పెడతాడు టీ, మరీ తీపి. చెప్తే తగ్గిస్తాడు గానీ ముందే చెప్పాలి, ఒకసారి గిన్నెలో పంచదార పడ్డాక ఏమీ చేయలేం. ఇంకా లోపాలున్నాయి. కొబ్బరి చట్నీ ఎనిమిదిన్నర దాటితే పలచబడిపోతుంది, జనం పెరిగేకొద్దీ నీళ్లు పోస్తారని నా అనుమానం, అది మానుకుంటే బాగుంటుంది, అయిపోతే అయిపోయిందని చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. చెయ్యి కడుక్కోవడానికి ఒక్క డ్రమ్ము, ఒక్క మగ్గు. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి. పెద్దవాళ్లని తీసుకెళ్తే కూర్చోవడం కష్టం, ఆదివారం అయితే అసలు కుదరదు, స్కూటర్ మీదే కూర్చుని తినాలి. ఆదివారాలు ఆలూ దమ్ కూడా ఉంటుంది, కటక్ పద్ధతిలో పెరుగు వడ మీద పోసి ఇస్తారు. ప్రయత్నం మంచిదే, కానీ వడ సరిగ్గా నానదు. కటక్‌లో దహీబరా ఆలూదమ్ తిన్నవాళ్లకి ఇది ఆనదు. నేను రెండుసార్లు తిని మళ్లీ పూరీకే వచ్చేశాను.

ఇక వేసవి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తొమ్మిదిన్నర తర్వాత కూడా బండి ఉంటుంది, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా చద్దన్నం. దీన్ని ఒడియావాళ్లు పఖాళ అంటారు, మార్చి 20న పఖాళ దినమని జరుపుకుంటారు కూడా. మా ఇళ్లలో తరవాణి అనేవాళ్లు పెద్దవాళ్లు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి మట్టికుండలో ఉంచితే పొద్దుటికి సన్నటి పులుపు ఎక్కుతుంది. పిన్ని అందులో కొద్దిగా పెరుగు, కరివేపాకు, దంచిన అల్లం, పచ్చిమిర్చి వేస్తుంది. పక్కన బడీ చూర. బడీలు అంటే మన మినప వడియాల్లాంటివే, వాటిని వేయించి, వెల్లుల్లి, ఉల్లి, పచ్చిమిర్చితో కలిపి చేత్తో నలిపి, పైన పచ్చి ఆవనూనె చుక్కలు వేస్తారు. ఆ ఆవనూనె ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. చద్దన్నం, బడీ చూర ఒడియా పద్ధతి. దాని పక్కనే మాగాయ ముక్క పెట్టుకోవడం తెలుగు పద్ధతి. మాగాయలో నువ్వుల నూనె, చూరలో ఆవనూనె, రెండు నూనెలూ ఒకే దొప్పలో కలిస్తే కొట్టుకుంటాయని మా అమ్మ అనేది. నాకు మాత్రం కలిసినట్టే ఉంటుంది. ఒక ముద్ద మింగి, కుండలోని పుల్లటి నీళ్లు దొప్పతోనే తాగితే మండుటెండలో కడుపు చల్లబడిపోతుంది, ఆ తర్వాత మూడింటిదాకా ఆకలి వేయదు. ఎండలో బండి మీద తిరిగే ఉద్యోగం నాది, నాకు దీన్ని మించిన మధ్యాహ్న భోజనం లేదు. రెండేళ్లకోసారి జరిగే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర కూడా వేసవిలోనే పడుతుంది, ఆ నెల మాత్రం ఇక్కడ నిలబడడానికి చోటు దొరకదు, ముందే చెప్తున్నాను.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. ఏడున్నర లోపు వెళ్లండి, ఘుగుని అప్పటికి బాగా చిక్కబడి ఉంటుంది, జనం కూడా తక్కువ. సోమవారం సెలవు. ఫోన్‌తో డబ్బు పంపించవచ్చు, పది ఇరవైకి మాత్రం చిల్లర ఇస్తే సంతోషిస్తారు. మొదటిసారి అయితే మామూలు పూరీ ఉప్మానే తీసుకోండి, ఆవకాయ నూనె రెండో ప్లేటులో వేయించుకోండి. మీ ఇంట్లో ఏదైనా వింత అలవాటు ఉంటే, ఉప్మాలో అరటిపండు అయినా సరే, మొహమాటం లేకుండా చెప్పండి, ఆవిడ నవ్వదు. ఘుగుని ఒక్కటే ఇంటికి కావాలంటే స్టీలు డబ్బా తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లో వేడిది పోయడం ఆవిడకి ఇష్టం ఉండదు, నాకూ ఇష్టం ఉండదు.

పూరీ ఉప్మా మాత్రం పార్సెల్ కట్టించుకోకండి. మా నాన్నకి ఇప్పుడు బాగానే ఉంది, మెట్లు దిగగలుగుతున్నారు. తెచ్చిపెడతానంటే వద్దంటారు, "పూరీ మెత్తబడిపోతుందిరా, అక్కడే నిలబడి తినాలి" అంటారు. డాక్టర్ గారిని అడిగాను, ఒక్క ప్లేటుకి ఫరవాలేదన్నారు. వచ్చే గురువారం పొద్దున్న తీసుకెళ్తున్నాను, ఆ రెండు స్టూళ్లలో ఒకటి పక్కన పెట్టమని పిన్నికి చెప్పి వచ్చాను.